శనివారం ఆమెది

మా పెద్దమ్మ పెద్దకర్మ రోజున ఆ ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీని చూసి, ఆటో ఆగినా దిగబుద్ధి కాక కాసేపు అలాగే కూర్చున్నాను. పైన శంఖుచక్రాలు, మధ్యలో తిరునామం, వెనక కొండ. కొండ ముందర పెద్దమ్మ. ఆధార్ కార్డులోని ఫొటోను లాగి పెద్దది చేయించినట్టున్నారు, ఫొటోలో కళ్ళు మసకేశాయి. బిగించిన పెదాలు మాత్రం స్పష్టంగా పడ్డాయి. కింద ఎర్రటి అక్షరాల్లో "మౌనయోగినికి అశ్రునివాళి" అని రాసి ఉంది.

"దిగతారామ్మా? ఈడ జాస్తిసేపు ఆపితే పోలీసోళ్ళు అరస్తారు" అన్నాడు ఆటోవాడు.

"ఆ ఫ్లెక్సీలో ఏం రాసిందో చూడు నాయనా."

అతను వంగి చూశాడు. "ఎవురో పెద్ద సామియారమ్మ మాదిరి ఉండాది" అని హ్యాండిల్ మీంచి చేతులు తీసి దండం పెట్టాడు.

"సామియారమ్మ కాదు, మా పెద్దమ్మ. ఆమె నోరు తెరిస్తే ఈ వీధి కుక్కలు పక్క వీధికి పోయేవి."

అతనికి నవ్వు రాలేదు. పోయినవాళ్ళ గురించి ఇలా మాట్లాడే ఆడదాన్ని ఎక్కించుకున్నందుకు చింతిస్తున్నట్టు మొహం పెట్టి వెళ్ళిపోయాడు. నేను చెప్పింది నిజం. ఆ ఫ్లెక్సీ మీద రాసిందే అబద్ధం. పెద్దమ్మ యోగిని కాదు, శాంతమూర్తి అంతకన్నా కాదు. మా వంశంలో మగవాళ్ళకు భూములూ ఇళ్ళూ వస్తే ఆడవాళ్ళకు నోళ్ళు వచ్చాయి. అందులో పెద్ద భాగం ఆమెకే వచ్చింది. కాకపోతే శనివారం ఆ నోరు తెరిచేది కాదు. ఆ ఒక్క రోజును పట్టుకుని మిగతా ఆరు రోజుల మనిషిని చెరిపేశారు ఫ్లెక్సీ కొట్టించినవాళ్ళు.

మౌనం అనే మాట మా ఇళ్ళల్లో వాడరు. చిత్తూరు వైపు దాన్ని గమ్మునుండేది అంటాం. నేను పుట్టినప్పటి నుంచి అందరి దగ్గరా విన్న మాట అదే. "గమ్మునుండు మే." చిన్నప్పుడు మా నాయన, పెళ్ళయ్యాక మా ఆయన, ఇప్పుడు కాలేజీలో మా ప్రిన్సిపాలు కాస్త మర్యాదగా. ఒక్కరి వల్లా కాలేదు. అందుకే, ఎవరూ చెప్పకుండానే వారానికొక రోజు తనంతట తాను గమ్మునుండే పెద్దమ్మను చూస్తే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట.

ఆమె మా అమ్మకు అక్క. పిల్లలు లేకుండానే భర్త పోతే తిరుపతిలో తమ్ముడి ఇంటికి, అంటే మా మేనమామ ఇంటికి వచ్చేసింది. గోవిందరాజుల గుడి వెనక ఉంది ఆ ఇల్లు. వీధి వైపు ఒక గది. వీధిలోకి ఒక తలుపు, ఇనప కమ్ముల కిటికీ, ఒక మంచం. మా తాత పోయే ముందు అందర్నీ మంచం చుట్టూ నిలబెట్టి, "ఈ వీధి గది నా పెద్దకూతురిది. దాని కట్టె లేచేదాకా ఎవురూ ముట్టుకోకండి" అన్నాడట. నోటిమాటే, కాగితం లేదు. మా ఇళ్ళల్లో తండ్రి నోటిమాట కాగితం కన్నా గట్టిదని అప్పట్లో అందరూ నమ్మారు, పెద్దమ్మతో సహా.

ఆ కిటికీ పక్కన కూర్చుని ఆమె పత్తి వత్తులు చేసేది. చీర కుచ్చిళ్ళు ఒక పక్కకు తోసి, పత్తిని తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తే వత్తి. గుడి ముందర అంగళ్ళ వాళ్ళు వచ్చి తీసుకుపోయేవారు. నేను చిత్తూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. ప్రతి వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి తిరుపతి వెళ్ళి ఆ గదిలోనే ఉండేదాన్ని. పగలంతా పేపర్లతో, సాయంత్రం ఆమెతో పోట్లాట.

శుక్రవారం సాయంత్రం మాత్రం నా వంతు వచ్చేది కాదు. దీపం పెట్టాక ఆమె ఇంట్లో అందర్నీ వరసగా తిట్టేది. తమ్ముణ్ణి, మరదల్ని, మేనల్లుణ్ణి, పాలవాణ్ణి, చివరికి నన్ను. వారమంతా దాచిపెట్టినవన్నీ బయటికొచ్చేవి. "ఎందుకు పెద్దమ్మా ఇంత ఆత్రం?" అంటే, "రేపటికి మిగిలిస్తే పులిసిపోతాది మే. కడుపు కడుక్కోని పండుకోవాల" అనేది. తెల్లారితే శనివారం. ఇక చీకటి పడి మళ్ళీ తెల్లవారే దాకా ఆ మనిషి నుంచి చప్పుడు ఉండేది కాదు. ఆదివారం మొదటి మాట ఎప్పుడూ పాలవాడికే. "నీళ్ళు జాస్తి అయినాయబ్బా."

ఆమె మౌనానికి ఒక పట్టు ఉండేది. ఎదురింటామె ఒకసారి ఏకాదశికి మౌనం పట్టింది. కూరలో ఉప్పు తక్కువైందని కోడలికి చెప్పడానికి చేతులు తిప్పి, కళ్ళు ఉరిమి, నాలుక బయటపెట్టి, ఒక వీధినాటకమే ఆడింది. మర్నాడు పెద్దమ్మ ఆమెను గుమ్మంలోనే పట్టుకుంది. "నోరు మూసి చేతులతో అరిసేదానికి మౌనమెందుకు మే? సైగ చేస్తే మాట్లాడినట్టే. తల ఊపినా మాట్లాడినట్టే. పలక మీద రాసినా అంతే. ఆ పొద్దు నువ్వు లేనట్టే ఉండాల."

లేనట్టే ఉండేది. పిలిస్తే తిరిగి చూసేది కాదు. అవునన్నట్టో కాదన్నట్టో తల కదలడం నేను ఒక్క శనివారమూ చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, దీంతోనే పని ఉంది.

ఒక వేసవిలో నేను ఆమె మీదికి వెళ్ళాను. నోరుండీ మాట్లాడకపోవడం పిరికితనం అన్నాను. తప్పును చూసి గమ్మునున్నవాళ్ళ వల్లే లోకం చెడిందన్నాను. క్లాసులో చెప్పినట్టు చాలా చెప్పాను.

"నీ చేత కాదు, అందుకని అంటా ఉండావు" అంది పెద్దమ్మ, వత్తి తోస్తూనే. "ఈ శనివారం నా పక్కన గమ్మున కూర్చో సూద్దాము. సాయంత్రం దాకా ఉంటే నీ మాట ఒప్పుకుంటా."

"ఉండలేకపోతే?"

"ఉండలేవు గదా, ఇంక పందెమెందుకు?"

ఆ రోషంతో కూర్చున్నాను.

పొద్దున నేను ఉన్నది మౌనంలో కాదు, కోర్టులో. నా జన్మలో నేను పోట్లాడిన ప్రతి మనిషీ వరస కట్టి వచ్చాడు. మా అత్తగారు, కరెంటు ఆఫీసువాడు, ఎప్పుడో బస్సులో కిటికీ సీటు ఇవ్వనన్నవాడు. అందరికీ అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబులు ఇచ్చాను. లోపలి నోరు బయటి నోటికన్నా పెద్దదని ఆ రోజే తెలిసింది. ఈలోగా ఇల్లు నన్ను వదిలిపెట్టలేదు. మామ భార్య వచ్చి, "ఎవురేమన్నారు మే? అలిగినావా?" అంది. మామ వచ్చి తలనొప్పా అన్నాడు. మామ కొడుకు సీను, "వదినకు నోరు పడిపోయింది. ఇట్లే ఉంటే కొండకు నడిసొస్తానని మొక్కుకుంటా" అన్నాడు. మగవాడు మాట్లాడకపోతే ఆలోచిస్తున్నాడంటారు. ఆడది మాట్లాడకపోతే అలిగిందంటారు, లేకపోతే జబ్బంటారు. పెద్దమ్మను మాత్రం ఒక్కరూ ఏమీ అడగలేదు. స్తంభం పక్కనుంచి పోయినట్టు ఆమె పక్కనుంచి పోయారు.

మధ్యాహ్నం దాటాక ఆ కోర్టు అలిసిపోయింది. వాదించేవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. అప్పుడు నాకు ఒక చప్పుడు వినబడింది. చాలా చిన్నది, సన్నగా గీకినట్టు. ఏమిటా అని చూస్తే, పెద్దమ్మ అరచేతి కింద పత్తి వత్తిగా మారే చప్పుడు. ప్రతి వేసవీ ఆ గదిలోనే ఉండేదాన్ని, వత్తి చేస్తే చప్పుడవుతుందని నాకు తెలియదు. ఆ తర్వాత ఒక్కొక్కటే రాసాగాయి. వీధిలో పోయేవాళ్ళ కాళ్ళ చప్పుడు, అందులో చెప్పులు లేని కాళ్ళది వేరుగా. దూరంగా యాత్రికుల గోవిందలు. వంటింట్లో మూత పెట్టే తీరును బట్టి మామ భార్య కోపం. సాయంత్రానికి చెవుల కింద, దవడలు కలిసే చోట ఏదో వదులైంది. జీవితమంతా నేను దవడలు బిగించుకునే ఉన్నానని అవి వదులైతే గాని తెలియలేదు. ఎవరికీ ఇవ్వాల్సిన జవాబు ఒక్కటి కూడా నాలో మిగల్లేదు. అంత సుఖం నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, వాదనలో ఓడిపోతానని.

ఆదివారం పాలవాడి పని ముగించి ఆమె నా వైపు తిరిగింది.

"ఎట్లుండింది?"

"బాగానే ఉండింది."

"బాగానే అంటే?"

"బాగుండింది పెద్దమ్మా! సాలా?"

పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, తలుపు దగ్గరికి వేసి చెప్పింది. "నోరు మూసుకునేది పెద్ద పని గాదు మే. నన్ను ఎవురూ పిలవలేదు సూసినావా, అదీ. తెల్లారి లేస్తే అక్కా అది యాడ పెట్టినావు, అత్తా ఇది యాడ ఉండాది, వదినా పాలు పొంగతా ఉండాయి. మోకాళ్ళు నొప్పి, ఒక పొద్దు పండుకుంటా అన్నా. ఎవురన్నా ఇన్నారా? శనివారం సామికి మౌనం పట్టినానన్నా. అందురూ దండం పెట్టినారు."

"అంటే దేవుడి పేరు చెప్పి అబద్ధమాడినావు."

"సామికి మోకాళ్ళ సంగతి తెలీదా? కొండకు నడిసొచ్చే వాళ్ళందరి మోకాళ్ళూ ఆయన సూసేవే గదా." పత్తి దగ్గరికి లాక్కుని మళ్ళీ అంది. "ఇంకోటి. గమ్మునుంటే నువ్వుండావనేదే మర్సిపోతారు. నీ ముందరే అన్నీ మాట్లాడుకుంటారు. ఎవురి కడుపులో ఏముండాదో శనివారం తెలిసినంత ఇంగ యా పొద్దూ తెలీదు."

ఆ మాట నిజమైన శనివారం కూడా నేను ఆ గదిలోనే ఉన్నాను.

అప్పటికి ఆ వీధిలో ఇళ్ళు ఒక్కొక్కటే లాడ్జీలు అవుతున్నాయి. దర్శనానికి వచ్చేవాళ్ళకు గది కావాలి, వీధిలోవాళ్ళకు డబ్బు కావాలి, తప్పుపట్టేదేమీ లేదు. సీను కూడా మేడ మీద గదులు కట్టాడు. కింద వచ్చేవాళ్ళకు తాళాలిచ్చే ఆఫీసుకు వీధి వైపు గది ఒకటే ఉంది. ఆ వారం మధ్యలో మామా సీనూ ఆ గదిని అడిగారు. పెద్దమ్మ తడుముకోకుండా చెప్పింది, "నాయన ఇచ్చిన గది. నేను సచ్చినాక తీసుకోండి, అప్పుడు అడ్డం రాను." శుక్రవారం తిట్లలో కూడా దానికే ఎక్కువ చోటు ఇచ్చింది. ఇంతకన్నా స్పష్టమైన తెలుగు ఎలా మాట్లాడాలో నాకు తెలియదు.

మర్నాడు శనివారం మేస్త్రీ కొలతల టేపుతో వచ్చాడు. వెనకే మామ, సీను. మామ స్నానం చేసి నామం పెట్టుకుని ఉన్నాడు. వత్తులు చేస్తున్న అక్క ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"అక్కా, సీనుగాడు ఈ గది అడగతా ఉండాడు. పైన నీకు వేరే గది ఇస్తాడు, గాలి బాగా వస్తాది. నీకిష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. ఈ నిమిషమే ఆపేస్తాము."

నేను లేచాను. "మామా, ఈ పొద్దు శనివారం. రేపు అడుగు."

"నిన్నడగలేదు మే. గమ్మునుండు."

"ఆమె మాట్లాడదని తెలిసే ఈ పొద్దు అడగతా ఉండావు."

"మాట్లాడద్దులే. తల ఊపమను. అడ్డంగా ఒక్కసారి ఊపితే సాలు, మేస్త్రీని పంపించేస్తా. సామి మీద ఆన."

మేస్త్రీతో సహా అందరం ఆమెను చూస్తున్నాం. అరచెయ్యి పత్తి మీద ఆగింది. ఊపు పెద్దమ్మా, అని నేను లోపల అరుస్తున్నాను. ఒక్కసారి. చెవి మీద దోమను తోలడానికి ఊపినంత. నేను ఆమె మొహాన్ని కాదు, మెడను చూస్తున్నాను. మెడ నరాలు రెండూ తాళ్ళలాగా లేచాయి. గడ్డం కింద చర్మం వణికింది. ఆ తల కదలకుండా నిలబెట్టడానికి ఆమె ఎంత బలం పెట్టిందో నేను చూశాను. బరువు మోసేవాళ్ళ మెడ అలా ఉంటుంది. చేతి కింద వత్తి తెగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొంచెం పత్తి తీసుకుంది.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు" అన్నాడు మామ.

"సగం అత్త ఇచ్చింది గదా నాయనా, మిగతా సగం మనం ఏసుకుందాము" అన్నాడు సీను. మేస్త్రీ నవ్వాడు.

నేను ఏమన్నానో రాయను, అచ్చు వేయరు. మామ కోపం తెచ్చుకోలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన దొంగలాగా కాక, పూజ చేసి లేచినవాడిలాగా ప్రశాంతంగా చెప్పాడు. "ఈ పొద్దు ఆమె నోరు ఆమెది గాదు మే, సామిది. సామిని అడిగినా. సామి వద్దనలేదు."

ఆదివారం పాలవాడు వచ్చి గిన్నె కోసం నిలబడ్డాడు. పెద్దమ్మ అతన్ని దాటి మామ దగ్గరికి పోయింది. "నేను ఒప్పుకోలేదురా."

"అది నిన్ననే చెప్పుండాలక్కా. సామి దినం, సామి ముందర అయిన మాట. ఈ పొద్దు తిప్పితే పాపం తగలదా?"

ఆమె అరిచింది. వీధిలోకి వచ్చి అరిచింది. ఎదురింటామె, పక్కింటివాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. "నిన్ననే అనుంటే అయిపోయేది గదా" అన్నారు అందరూ. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఆమె శనివారం సంగతి తెలుసు. ఎండెక్కే లోపల మేస్త్రీ కిటికీ కమ్ములు పీకేశాడు.

ఆ సాయంత్రం పత్తి మూటలు పైకి మోస్తూ నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. వాళ్ళ మీదకన్నా ఆమె మీదే ఎక్కువ కోపంగా ఉండింది నాకు.

"ఒక్కసారి తల ఊపితే ఏం పోయేది? మోకాళ్ళ నొప్పికి పెట్టుకున్న మొక్కే గదా! నువ్వే చెప్పినావు."

"మొదుట్లో మోకాళ్ళకే."

"ఇప్పుడు?"

ఆమె మెట్టు మీద కూర్చుంది. "వాళ్ళకు కావాల్సింది అదే మే. నేను ఈ పొద్దు తల ఊపితే వచ్చే శనివారం ఇంకోటి అడగతారు, దానికీ ఊపాల. అట్ల ఊపతా ఊపతా ఉంటే శనివారం యాడుంటాది? గది తీసుకున్నారు. శనివారం గూడా వాళ్ళకే ఇచ్చేయమంటావా?"

"తలదాచుకునే గది లేకపోయినాక శనివారమెందుకు?"

"గది నాయన ఇచ్చినాడు. శనివారం నేను సంపాదించుకునింది."

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. జవాబు లేకపోవడం నాకు అలవాటు లేదు. ఆమె చేసింది తప్పని ఒక రోజు, రైటని ఒక రోజు నాలో నేనే వాదించుకుంటూ ఉంటాను. రెండు పక్కలా నేనే ఓడిపోతాను.

పైన గది అంటే డాబా మీద రేకుల గది. పక్కనే నీళ్ళ ట్యాంకు, దాని మోటారు. తిరుపతి ఎండకు ఆ రేకులు పగలంతా చిటచిటమనేవి. కింద గదుల్లోవాళ్ళు తెల్లవారకముందే స్నానాలు చేసి బట్టలు ఆరేయడానికి పైకొచ్చేవాళ్ళు. పిల్లలు గుండ్లకు చందనం పూసుకుని ట్యాంకు చుట్టూ పరిగెత్తేవాళ్ళు. ఇంటి ముందు సీను పెట్టిన బోర్డు మీద మాత్రం "వేడినీళ్ళు, ఏసీ, ప్రశాంత వాతావరణం" అని ఉంది. ప్రశాంతం అందులో చివరిది. అది వాడు కట్టించింది కాదు, కింద కిటికీ పక్కన ఎన్నో ఏళ్ళుగా కూర్చుని ఒకామె చేసిపెట్టింది.

మెట్లు దిగడం కష్టమై ఆమెకు అన్నం పైకే పంపేవాళ్ళు. పంపేవాళ్ళు, ఆ మాట కాదనను. అంగళ్ళ వాళ్ళు పైకి ఎక్కలేక వత్తులు ఇంకోచోట తీసుకున్నారు. ఇంట్లో ఏ నిర్ణయమైనా శనివారం చేయడం మామకు అలవాటైంది. అక్కను అడిగే చేశామని చెప్పుకోవడానికి మాత్రం మేడ ఎక్కి వచ్చేవాడు. ఆమె ఒక్కసారి కూడా తల ఊపలేదు.

పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు ఒక మంగళవారం ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఈ పొద్దు మంగళవారం పెద్దమ్మా."

"తెలుసులే మే. నాకు వారమంతా శనివారమే ఇప్పుడు." ట్యాంకు వైపు చూస్తూ అంది. "ముందర ఆరు దినాలు పిలస్తా ఉంటే ఏడో దినం గమ్మునుండేది తీపిగా ఉండేది. ఇప్పుడు ఎవురూ పిలవరు. రుచి పోయింది."

అయినా శుక్రవారం సాయంత్రం మెట్ల దగ్గర నిలబడి కిందికి తిట్టింది. పేరుపేరునా తిట్టింది. అప్పుడే ఎవరో మోటారు వేశారు. ఆ రొదలో ఒక్క మాటా కింది దాకా పోలేదు. మోటారు ఆగే దాకా ఉండమన్నాను. "పులిసిపోతాదిలే" అని అలాగే తిడుతూ పోయింది.

ఈ వేసవిలో నేను వెళ్ళేలోపలే ఒక పొద్దున ఆమె లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. ఎనభై దాటిన మనిషికి గుండె కాక ఇంకేమని చెప్తాడు?

పెద్దకర్మ భోజనాలకు ముందు అందర్నీ ఆ వీధి గదిలో కూర్చోబెట్టారు. ఇప్పుడది లాడ్జీ ఆఫీసు. కిటికీ ఉన్నచోట అద్దాల తలుపు, మంచం ఉన్నచోట గల్లాబల్ల, గోడకు వరసగా తాళాలు. బల్ల మీద పెద్దమ్మ ఫొటోకు దండ వేసి దీపం పెట్టారు. దీపంలో వత్తి అంగడిలో కొన్నది, మెషీను వత్తి.

వీధి పెద్దమనిషి ఒకాయన మాట్లాడాడు. మౌనం వల్ల కలిగే లాభాలన్నీ చెప్పాడు. మౌనంగా ఉండేవాళ్ళకు బీపీ రాదన్నాడు, షుగరు రాదన్నాడు, ఆయుష్షు పెరుగుతుందన్నాడు. ఆమెకు రెండూ ఉన్నాయని, మాత్రలు నేనే చిత్తూరు నుంచి పంపేదాన్నని గట్టిగానే అన్నాను. మామ నా వైపు చూశాడు. "ఈ కాలం ఆడవాళ్ళు ఆ మహాతల్లిని చూసి నేర్చుకోవాలి" అని ముగించి ఆయన లేచి నిలబడ్డాడు. "ఆమె ఆత్మశాంతి కోసం అందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచారు. తలలు వంచారు. మామ కళ్ళు మూసుకున్నాడు, కనురెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. నిజం కన్నీళ్ళే. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్క క్షణం నాకు కూడా చెవుల కింద దవడలు వదులవుతున్నట్టు అనిపించింది. ఉండిపోదాం, ఆమె కోసం ఈ రెండు నిమిషాలు ఉండిపోదాం అనుకున్నాను.

అద్దాల తలుపు తోసుకుని, తల గుండు చేయించుకున్న ఒకాయన లోపలికొచ్చాడు. వెనక భార్య, పిల్లలు, భుజాన సంచులు.

"అన్నా, రూమేమన్నా ఉండాదా?"

సీను తల వంచుకునే ఉన్నాడు. నోరు తెరవలేదు, మౌనం కదా. ఒక వేలు ఎత్తి చూపించాడు. ఒకటుంది. తర్వాత ఆ వేలినే పైకి చూపించాడు, డాబా మీద. తర్వాత అరచెయ్యి కిందికి ఆడిస్తూ బెంచీ చూపించాడు. కూర్చోండి, అయిపోతుంది. వెనక గోడకున్న తాళాల్లో చివరిది, రేకుల గది తాళం, అప్పుడే తీసి బల్ల మీద పెట్టాడు.

నోరు మూసి చేతులతో అరిసేదానికి మౌనమెందుకు మే, అన్నది ఆమె గొంతు. నాకు వినబడింది.

"ఆమె ఒప్పుకోలేదు" అన్నాను.

తలలు లేచాయి. వీధి పెద్దమనిషి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మామ కళ్ళు తెరిచాడు.

"గమ్మునుండు మే" అన్నాడు. మౌనం పాటిస్తున్నవాళ్ళలో నా తర్వాత మాట ఆయనదే.

"ఆ శనివారం ఈ గదికి ఆమె ఒప్పుకోలేదు మామా. నేను ఆమె మెడను చూసినా. నువ్వూ చూసినావు."

 గుండాయన మా మొహాలూ దండ వేసిన ఫొటో మొహమూ మార్చి మార్చి చూశాడు. నేల మీద పెట్టబోయిన సంచీని మళ్ళీ భుజానికెత్తుకుని, పిల్లల్ని ముందర నడిపించుకుంటూ తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.